‘ఐ7, 16 జీబీ’ అని చెప్పి ఊరుకుంటే బేరం ఆపండి

ఈసారి ఉత్తరాలన్నీ ఒకే సరుకు గురించి: కొట్లో బిగించి సిద్ధంగా పెట్టిన గేమింగ్ కంప్యూటర్. అడిగినవాళ్ళంతా మొదటిసారి కొంటున్నవాళ్ళే కాబట్టి విడిభాగాల పేర్లు తెలియనివాళ్ళకూ అర్థమయ్యేలా జవాబులు రాశాం. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ అయింది, గేమింగ్ పీసీ కావాలంటున్నాడు. అరండల్‌పేటలో ఒక షాపువాళ్ళు ‘ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 ఎస్‌ఎస్‌డీ, 4 జీబీ గ్రాఫిక్స్’ అని కాగితం మీద రాసిచ్చారు. వేరేచోట ఐ5కి చెప్పిన ధరలో ఇది సగమే. తీసుకోవచ్చా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ కాగితం మీద వస్తువు పేరు ఒక్కటీ లేదండీ. ‘బియ్యం, పాతిక కిలోలు’ అని రాసిచ్చినట్టుంది. బీపీటీనా, ముతకవా, పాతవా, కొత్తవా అన్నది అందులో ఎక్కడుంది?

ఐ7 అనేది ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో (కంప్యూటర్‌కి మెదడు లాంటి భాగం) ఒక వరస పేరు. ఆ వరసలో ఐ7-2600 వచ్చింది 2011లో. కోర్లంటే ప్రాసెసర్‌లో పనిచేసే విభాగాలు, థ్రెడ్లంటే అది ఒకేసారి నడిపే పనులు. దీనికి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కీ అవే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. అయినా ఆటల్లో ఈ ఐ3 ముందు ఆ ఐ7 నిలవలేదు. ధర సగానికి పడిందంటే మీకు చూపిస్తున్నది రెండో తరమో మూడో తరమో అయ్యే అవకాశమే ఎక్కువ. తరం కనుక్కోవడం తేలిక. గీత తర్వాత నాలుగంకెలుంటే మొదటి అంకె తరం: 2600 అయితే రెండోది, 8700 అయితే ఎనిమిదోది. ఐదంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి: 12400 అంటే పన్నెండోది. ‘కోర్ అల్ట్రా’ అని ఉంటే అది కొత్త వరస, దానికి ఈ లెక్క వర్తించదు.

మదర్‌బోర్డు (భాగాలన్నీ బిగించే పెద్ద పలక) పేరు అడిగితే ‘హెచ్61’ అంటారేమో చూడండి. ‘హెచ్610’ వేరు. హెచ్61 2011 నాటిది, హెచ్610 2022 నాటిది. చివర ఒక్క సున్నాలో పదకొండేళ్ళు దాగి ఉన్నాయి. నోటితో చెప్పేటప్పుడు ఆ సున్నా చెవిన పడకపోవచ్చు కాబట్టి రాయించుకోండి.

పాతదైతే ఏమిటి నష్టం అంటారా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. పాత మెషీన్లలో కూడా దొడ్డిదారిన విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్ళున్నారు. కానీ విండోస్ 11 మీద వాలరెంట్ అనే ఆన్‌లైన్ ఆట ఆడాలంటే టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ (మెషీన్ లేచేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ) రెండూ పనిచేస్తూ ఉండాల్సిందే. మీ అబ్బాయి మొదట ఆడేది బహుశా అదే.

ఇక ‘4 జీబీ గ్రాఫిక్స్’. అది తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ లెక్కే గానీ బలం లెక్క కాదు. 2014లో వచ్చిన జీటీ 730 కార్డుకీ 4 జీబీ రకం ఉంది. అది మానిటర్‌కి బొమ్మ అందించడానికి పనికొస్తుంది, ఇప్పటి ఆటలకు పనికిరాదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె) – ఈ నాలుగింటికీ కంపెనీ, మోడల్ నంబరు పూర్తిగా రాసిమ్మనండి. రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

ప్రశ్న: నా దగ్గర మూడు కొటేషన్లు ఉన్నాయి. ఒకదాంట్లో గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3050, ఒకదాంట్లో 4060, మూడోదాంట్లో 5060 టీఐ. నాకు ఎంత వరకు అవసరం? మిగతా భాగాల్లో ఎక్కడ తగ్గించుకోవచ్చు?
– డిగ్రీ విద్యార్థి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ముందు మానిటర్ సంగతి తేల్చుకోండి. 1080పీ (తెర మీద నిలువున 1080 చుక్కలుండే) మానిటర్ మీద ఆడేవారికి 4060 గానీ, దాని తర్వాత వచ్చిన 5060 గానీ సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ చుక్కలుండే 1440పీ కొనే ఉద్దేశం ఉంటేనే 5060 టీఐ దాకా వెళ్ళండి.

అసలు చిక్కు ఒకే పేరుతో తిరిగే కవలలతో. ఆర్‌టీఎక్స్ 3050లో 8 జీబీది 130 వాట్ల కార్డు. 2024లో వచ్చిన 6 జీబీది 70 వాట్లది, మెమరీతో పాటు లోపలి కోర్లు కూడా తగ్గించినది. రెండింటినీ ‘3050’ అనే అమ్ముతారు. 3060లో 12 జీబీ, 8 జీబీ ఉన్నాయి. 8 జీబీది తక్కువ రకం. 5060 టీఐలో 16 జీబీ, 8 జీబీ ఉన్నాయి, వీటిలో చిప్ ఒకటే. 1440పీలో టెక్స్చర్లు (బొమ్మల పైపూతల నాణ్యత) పెంచి ఆడితే 8 జీబీ నిండిపోయి ఆట కుదుపులు కుదుపులుగా నడుస్తుంది, కాబట్టి ఆ మోడల్ కొంటే 16 జీబీదే కొనండి. ఆన్‌లైన్‌లో చవకగా కనబడే ‘ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ’ కూడా ఇలాంటిదే. అసలు ఆర్‌ఎక్స్ 580లో షేడర్లు (కార్డు లోపలి కోర్లు) 2304, ఇందులో 2048.

మానిటర్ కాకుండా సీపీయూ డబ్బా ఖరీదులో మూడో వంతు నుంచి నలభై శాతం దాకా గ్రాఫిక్స్ కార్డుకే పోతే ఆ కూర్పు సరిగ్గా ఉన్నట్టు. నాలుగో వంతు కూడా లేకపోతే మీ డబ్బు గాజు తలుపులకీ రంగు లైట్లకీ పోతోంది. ప్రాసెసర్‌గా ఐ5-12400ఎఫ్, ఏఎమ్‌డీ కంపెనీ రైజెన్ 5 5600, కాస్త వెసులుబాటుంటే రైజెన్ 5 7600 – ఆరు కోర్లున్న వీటిలో ఏదైనా చాలు. రైజెన్ 5 5500ని 5600కి తమ్ముడని చెప్పి అంటగడతారు. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 16 ఎంబీ, 5600కి 32. ఆటల్లో ఆ తేడా తెలుస్తుంది. ఇంటెల్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు. కార్డు రిపేరుకి వెళితే అది తిరిగొచ్చేదాకా మానిటర్ మీద బొమ్మే రాదు. ఆటలే కాక చదువుకీ అదే కంప్యూటర్ అయితే కొద్దిగా ఎక్కువైనా ఎఫ్ లేనిది తీసుకోవడం తెలివైన పని.

ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడుకునే మెమరీ) 16 జీబీ అంటే 8 జీబీ పుల్లలు రెండు ఉండాలి. 16 జీబీది ఒక్కటే పెట్టి ‘తర్వాత ఇంకోటి వేసుకోవచ్చు’ అంటారు. ఒక్కటే ఉంటే ప్రాసెసర్‌కి మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. అందుకే కొటేషన్లలో మొట్టమొదట కోత పడుతున్నది ఇక్కడే. పోయిన నెల కొటేషన్ పట్టుకుని ఈ నెల కొట్టుకి వెళ్ళకండి. తగ్గించుకోవాలంటే క్యాబినెట్ అందంలో తగ్గించుకోండి, లిక్విడ్ కూలర్ తీసేయించండి. 65 వాట్ల తరగతి ప్రాసెసర్‌కి మంచి గాలి కూలర్ చాలు. ఎస్‌ఎస్‌డీలో (ఆటలు, ఫైళ్ళు దాచే డ్రైవు) మాత్రం తగ్గకండి. జీటీఏ 5 ఒక్కటే వంద జీబీ పైన తింటుంది. 512లో విండోస్ పోను అలాంటివి మూడు పట్టేసరికి డ్రైవు నిండిపోతుంది.

ప్రశ్న: క్యాబినెట్‌తో 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉచితం అంటున్నారు. 80 ప్లస్ బ్రాంజ్‌ది కావాలంటే అదనంగా కట్టమంటున్నారు. అవసరమా?
– గుణదల నుంచి ఒక పాఠకుడు

జవాబు: అవసరం. ఎందుకో ఆ ఉచిత డబ్బా మీదున్న స్టిక్కరే చెబుతుంది. దాని మీద చిన్న పట్టిక ఉంటుంది. అందులో +12వి అన్న గడి కింద ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 18 ఆంపియర్లు ఉంటే 216 వాట్లు. పైన పెద్ద అక్షరాలతో 500 అని ఉన్నా మీకు పనికొచ్చేది ఆ 216 మాత్రమే. ఎందుకంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తాగేది 12 వోల్టుల లైను నుంచే. ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, 12400ఎఫ్ పూర్తి జోరులో 117 వాట్లు. కలిపితే 232. ఫ్యాన్లు, డ్రైవులు లెక్కేయకముందే చాలదు.

చాలకపోతే జరిగేది ఇదీ: సినిమా చూసినా ఎక్సెల్ చేసినా బానే ఉంటుంది. ఆటలో బాంబు పేలి తెరంతా నిప్పులు నిండిన క్షణాన కార్డు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. తెర నల్లబడి మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. తప్పు విండోస్‌దనుకుని రెండుసార్లు ఫార్మాట్ కొట్టిస్తారు. తర్వాత గ్రాఫిక్స్ కార్డుని అనుమానిస్తారు. ఎస్‌ఎంపీఎస్ మీదికి చూపు పోయేసరికి నెల గడుస్తుంది. నాసిరకంది కాలిపోతే ఒక్కోసారి మదర్‌బోర్డుని కూడా వెంట తీసుకుపోతుంది.

4060, 5060 రెండింటికీ ఎన్‌విడియా చెప్పే సిఫారసు 550 వాట్లు. అదే తీసుకోండి. ఒక మాట: 80 ప్లస్ అన్నది కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్ర, నాణ్యతకు హామీ కాదు. నాణ్యతకు దగ్గర గుర్తు వారంటీ కాలం. తయారీదారు ఐదేళ్ళు ఇస్తున్నాడంటే దాని మీద వాడికే నమ్మకం ఉన్నట్టు. కార్డుకి వెళ్ళే 6+2 పిన్నుల వైరు ఎస్‌ఎంపీఎస్ నుంచే నేరుగా రావాలి. సాటా (డ్రైవులకు కరెంటిచ్చే) వైరుకి అడాప్టర్ తగిలించి ఇస్తే ఒప్పుకోకండి. సాటా కనెక్టర్ మోయగలిగేది 54 వాట్లు, ఎనిమిది పిన్నుల కార్డు 150 దాకా అడగొచ్చు. మధ్యలో ప్లాస్టిక్ కరుగుతుంది.

పెద్ద కంపెనీల రెడీమేడ్ డబ్బాల్లో మరో ఇబ్బంది ఉంది. కొన్నింటిలో ఎస్‌ఎంపీఎస్ ఆకారం, మదర్‌బోర్డుకి వెళ్ళే ప్లగ్గు వాళ్ళ సొంతం. రెండేళ్ళ తర్వాత పెద్ద కార్డు వేద్దామంటే బయట దొరికే ఎస్‌ఎంపీఎస్ అందులో పట్టదు. ఇంటికొచ్చి చేసే సర్వీసు, అసలైన విండోస్ వాటి బలం. ఇప్పుడున్నదే ఐదేళ్ళూ వాడతాననుకుంటే అవీ మంచివే.

ప్రశ్న: రంగురంగుల ఆర్‌జీబీ ఫ్యాన్లు ఆరు పెడతామంటున్నారు. చల్లదనం పెరుగుతుందా?

జవాబు: లైట్లతో పెరగదు. ఫ్యాన్లతో పెరుగుతుంది, అదీ ముందు గాలి లోపలికొచ్చే దారి ఉంటేనే.

ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఊరు విజయవాడ. మేలో బయట 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు ఏసీ లేని గదిలో 36, 37 ఉంటుంది. గది వేడి ఎన్ని డిగ్రీలు పెరిగితే లోపలి భాగాల వేడీ ఇంచుమించు అన్ని డిగ్రీలూ పెరుగుతుంది. జనవరిలో 75 దగ్గర హాయిగా నడిచిన ప్రాసెసర్ రోహిణి కార్తెలో 88కి చేరుతుంది. రైజెన్ 5 5600కి గరిష్ఠ హద్దు 90, 12400ఎఫ్‌కి 100. హద్దు తగలగానే అది తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మీకు ఆట నత్తనడకగా కనిపిస్తుంది.

ముందువైపు మొత్తం అద్దం బిగించిన క్యాబినెట్ చూడ్డానికి బాగుంటుంది గానీ దాని వెనక ఫ్యాన్లు ముక్కు మూసుకుని గాలి పీల్చినట్టే. జల్లెడలాంటి ముందు పలక ఉన్నది అడగండి. రెండు ఫ్యాన్లు ముందు లోపలికి, ఒకటి వెనక బయటికి, అంతే చాలు. ఫ్యాన్ ఎటు ఊదుతుందో తెలియాలంటే దాని అడ్డకమ్ములు చూడండి, కమ్ములున్న వైపుకి గాలి వెళుతుంది. మూడూ బయటికే ఊదేలా బిగించి ఇచ్చినా ఆశ్చర్యపోకండి. అద్దం వైపు నుంచి మొహం అందంగా కనబడాలని అలా తిప్పేవాళ్ళున్నారు. ఇంట్లో ఒక పరీక్ష: అరగంట ఆడి వేడి రాసుకోండి, పక్క తలుపు తీసి మళ్ళీ అరగంట ఆడండి. పది డిగ్రీలకు పైగా తగ్గితే మీ డబ్బాకి గాలి చాలడం లేదు. టేబుల్ కింద తలుపున్న అరలో మాత్రం పెట్టకండి, గోడకు ఆరంగుళాలు ఎడం ఉంచండి. దుమ్ము జల్లెడ పదిహేను రోజులకోసారి దులపాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పాడవుతుంది.

ప్రశ్న: కొత్త కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా షాక్ కొడుతోంది. షాపులో ఇదేమీ లేదు. అలాగే ఇంట్లో ఉన్న 600 వీఏ యూపీఎస్ దీనికి ఆనుతుందా?
– కొరిటెపాడు, గుంటూరు

జవాబు: షాక్‌కి కారణం కంప్యూటర్ కాదు, మీ గోడ ప్లగ్గులో ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని అలజడిని (నాయిస్) వడగట్టే చిన్న కెపాసిటర్లు రెండు ఉంటాయి. వాటి మధ్య కొన బాడీకి, అక్కణ్నుంచి ఎర్త్‌కి కలిసి ఉండాలి. ఎర్త్ లేకపోతే బాడీ మీద 230లో సగం వోల్టేజి దాకా తేలుతుంది. కరెంటు చాలా తక్కువే కాబట్టి చిమచిమలాడి ఊరుకుంటుంది, కానీ దాన్ని అలా వదిలేయకూడదు. ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 చుట్టూ రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్లో దూర్చి వాడుతుంటే అది ఈ రోజే తీసేయండి.

600 వీఏ యూపీఎస్ మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లని ఉంటుంది చూడండి. ఆట నడిచేటప్పుడు 4060 మెషీన్ 250 వాట్ల దాకా, మానిటర్ ఓ 30. లెక్కకు సరిపోయినట్టే కనబడుతుంది గానీ క్షణకాలపు ఎగుడుదిగుళ్ళకు చోటు లేదు. కరెంటు పోగానే అదీ పోతుంది. 1000, 1100 వీఏ తీసుకుంటే 600 వాట్లు, ఆపైన ఉంటుంది, సేవ్ చేసి ఆపేయడానికి కొన్ని నిమిషాలు దొరుకుతాయి. ఇంటి ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్‌వేవ్ రకమై ఉండాలి, వెనకున్న స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. మామూలు మోడ్‌లో మారే వ్యవధి ఎక్కువ కాబట్టి మెషీన్ ఆగి మళ్ళీ లేస్తుంది. ఆట కోసం బ్యాటరీ ఖాళీ చేస్తే రాత్రి ఫ్యాన్ తిరగదు, ఆ తగవు మీరూ మీరూ చూసుకోవాలి. కరెంటు బిల్లు సంగతీ కొందరు అడిగారు: రోజుకి నాలుగు గంటలు ఆడితే ఒక యూనిట్ పైచిలుకు, నెలకి 34 యూనిట్ల దాకా.

ప్రశ్న: హైదరాబాద్‌లో రేటు తక్కువ. అక్కడ కొనాలా, ఏలూరు రోడ్డులో కొనాలా?
– పటమట, విజయవాడ

జవాబు: తేడా నాలుగైదు వేలలోపైతే ఇక్కడే కొనండి. బిగించి ఇచ్చిన మెషీన్‌కి మొత్తంగా ఒక వారంటీ ఉండదు. ప్రాసెసర్‌కి, కార్డుకి, ర్యామ్‌కి దేని వారంటీ దానిదే. మెషీన్ ఆన్ కాకపోతే ఏ భాగం పోయిందో తేల్చేవాడు దగ్గర్లో ఉండటం విలువైన సంగతి. ‘మొత్తం మెషీన్‌కి ఏడాది పాటు మేమే చూస్తాం’ అని బిల్లు మీద రాస్తారా అని అడగండి. బిల్లు వద్దంటే జీఎస్‌టీ 18 శాతం తగ్గుతుందని ఆశపెడితే ఆగండి. బిల్లు లేకపోతే మూడేళ్ళ వారంటీలు గాల్లో కలుస్తాయి, 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేద్దామన్నా చూపించడానికి ఆధారం ఉండదు.

హైదరాబాద్ నుంచే తెచ్చుకుంటే గ్రాఫిక్స్ కార్డు ఊడదీయించి దాని పెట్టెలో విడిగా తీసుకోండి. బిగించే తేవాల్సి వస్తే కారులో డబ్బాని నిలబెట్టకండి, మదర్‌బోర్డు కిందికి వచ్చేలా పడుకోబెట్టండి. అప్పుడు కార్డు నిటారుగా ఉంటుంది, గతుకుల్లో దాని బరువు స్లాటు మీద వేలాడదు. కొరియర్‌లో వస్తే పెట్టె విప్పడం మొదలు మెషీన్ ఆన్ అయ్యేదాకా ఆపకుండా వీడియో తీయండి. లోపల కూరిన ఫోమ్ తీయకుండా స్విచ్చి వేయకండి.

ప్రశ్న: 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొన్నాం, 4060 ఉంది. అయినా ఆట ఎగిరెగిరి పడుతోంది.

జవాబు: మానిటర్ వైరు మదర్‌బోర్డుకి పెట్టి ఉంటారు. డబ్బా వెనక నిలువుగా ఉన్న సాకెట్లు మదర్‌బోర్డువి, వాటికింద అడ్డంగా ఉన్నవి కార్డువి. కార్డుకే పెట్టండి, వీలైతే డిస్‌ప్లేపోర్టు వైరుతో. తర్వాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకి వెళ్ళి 60ని 144కి మార్చండి. అది దానంతటది మారదు.

ప్రశ్న: డబ్బు కట్టే ముందు షాపులో ఏమేం చూసుకోవాలి? నాకు కంప్యూటర్ భాగాల గురించి ఏమీ తెలియదు.
– గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: గంట తీరిక పెట్టుకుని, జనం తక్కువుండే పొద్దున్న పూట వెళ్ళండి. పక్క తలుపు తీయించండి. ర్యామ్ పుల్లలు రెండున్నాయా, ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ కొటేషన్‌లో రాసినదేనా చూడండి. ఖాళీ పెట్టెలన్నీ తీసుకోండి, వాటి మీది సీరియల్ నంబర్లు బిల్లులో ఎక్కాలి. పక్క తలుపుకి ‘విప్పితే వారంటీ లేదు’ అని సీలు వేస్తే, తర్వాత ఎస్‌ఎస్‌డీ వేసుకోవచ్చా అని అప్పుడే అడిగి రాయించుకోండి.

మెషీన్ ఆన్ చేశాక కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో ప్రాసెసర్ పూర్తి పేరు, మెమరీ వేగం, గ్రాఫిక్స్ కార్డు పేరు కనబడతాయి. ర్యామ్ పెట్టె మీద 3200 అని ఉండి ఇక్కడ 2133 అనో 2666 అనో వస్తే బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు) ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయమనండి, రెండు నిమిషాల పని. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపించండి. పేరు మార్చిన దొంగ కార్డయితే పేరు ముందు ‘ఫేక్’ అని చూపిస్తుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే మరో ప్రోగ్రామ్‌లో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు నడిచిందో ఉంటుంది. కొత్తదైతే పది గంటల లోపుండాలి, వేలల్లో ఉంటే అది వాడినది. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూసి, విండోస్ కీ బిల్లులో ఉందో లేదో సరిచూసుకోండి. లేకపోతే ఎక్కించింది దొంగ కాపీ కావచ్చు.

చివరగా ఏదైనా పెద్ద ఆట గానీ ఫర్‌మార్క్ (కార్డుని పూర్తి జోరులో పరీక్షించే ప్రోగ్రామ్) గానీ అరగంట ఆపకుండా నడపమనండి. తెర నల్లబడకూడదు, కార్డు వేడి 80, 82 దాటకూడదు. షాపులో ఏసీ ఉంటుందని గుర్తుంచుకుని మరో ఎనిమిది డిగ్రీలు కలుపుకోండి. అరగంట నడపడానికి తీరిక లేదంటే, ఆ తీరిక ఉన్న రోజు వస్తానని చెప్పి డబ్బు కట్టకుండా రండి.